హాకీవాళ్లు వదిలిన గంటల్లో: హార్వర్డ్ ఫిగర్ స్కేటింగ్ కథ

న్యూజెర్సీ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: “మా అమ్మాయి తొమ్మిదేళ్లుగా ఫిగర్ స్కేటింగ్ చేస్తోంది. వచ్చే ఏడాది కాలేజీకి వెళ్తుంది. యూనివర్సిటీల్లో ఫిగర్ స్కేటింగ్ క్లబ్బులు ఉంటాయంటున్నారు. అవి ఎలా పుట్టాయి? హార్వర్డ్ లాంటి చోట చదువుతో పాటు స్కేటింగ్ నిజంగా సాగుతుందా, లేక అప్లికేషన్‌లో ఒక లైను కోసమేనా?”

సాగుతుందండీ. కాకపోతే మీరు టీవీలో చూసి ఊహించుకునే పద్ధతిలో సాగదు. ఎలా సాగుతుందో అర్థం కావాలంటే ఆ చరిత్ర కొంచెం తెలియాలి. మీరు హార్వర్డ్ పేరు ఎత్తారు కాబట్టి ఆ ఊరి కథే చెప్తాను, నాకు బాగా తెలిసింది కూడా అదే.

నేను 1999 నుంచి బోస్టన్ శివార్లలో ఉంటున్నాను. మా పెద్దమ్మాయి ఆరేళ్లప్పుడు మొదలుపెట్టి పదహారేళ్లు స్కేట్ చేసింది, అందులో చివరి నాలుగేళ్లు కాలేజీ క్లబ్బులో. (హార్వర్డ్ కాదులెండి, మా అదృష్టం అంతదూరం పోలేదు.) నాకు మాత్రం స్కేటింగ్ రాదు. గోడ పట్టుకుని ఒక రౌండు తిరగగలను, అంతే. తెల్లారి ఐదున్నరకి రింక్ (స్కేటింగ్ కోసం ఐస్ పరిచిన హాలు) బయట కార్లో హీటర్ వేసుకుని కూర్చోవడం, కొక్కెంతో బూటు లేసులు బిగించీ బిగించీ వేళ్లకు కాయలు కాయించుకోవడం, ఇదీ నా అనుభవం. అక్కడి కోచ్‌లు, పాత స్కేటర్ల మధ్య తిరుగుతూ విన్నవీ, తర్వాత కూర్చుని చదివినవీ కలిపి రాస్తున్నాను.

ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. ఐస్ ఎవరిది, ఏ గంటలో ఎవరికి దొరుకుతుంది అన్నదే అసలు సంగతి. మన ఊళ్లో కాలువ నీళ్ల వంతు లాంటిదే ఇది. పై రైతు మడి తడిసాకే కింది రైతుకి. అమెరికా యూనివర్సిటీల్లో హాకీ ఎప్పుడూ తల కాలువ రైతు. ఫిగర్ స్కేటర్లు చివరి ఆయకట్టు.

అసలు ఇందులో “ఫిగర్” ఏంటని ఎప్పుడైనా అనుకున్నారా? మనవాళ్లు చాలామంది ఒంటి తీరు గురించి అనుకుంటారు. ఒంటికాలి మీద నిలబడి ఐస్ మీద 8 అంకె లాంటి ఆకారాలు గీయడమే ఫిగర్. ఒకే గీత మీద మూడుసార్లు వెళ్లాలి, గీత చెదరకూడదు. తర్వాత జడ్జీలు వంగి, ఒక్కోసారి మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతల్ని చూసి మార్కులు వేసేవాళ్లు. ఇలాంటి ఫిగర్లు నలభై ఒకటి ఉండేవి. 1960ల దాకా పోటీలో 60 శాతం మార్కులు వీటివే, గెంతులూ గిరగిరలూ అన్నీ కలిపి మిగతా 40. తర్వాత వీటి వాటా తగ్గుతూ తగ్గుతూ 1990 తర్వాత పూర్తిగా తీసేశారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫిగర్లు నేర్చుకోవాలంటే ఎవరూ తొక్కని నున్నటి ఐస్ కావాలి, అదీ గంటలకు గంటలు. ఒక్కొక్కరికి సన్నటి పట్టీ కొలిచి ఇచ్చేవాళ్లు, దాన్నే “ప్యాచ్” అనేవాళ్లు. అంత ఐస్ ఒక మనిషి కొనలేడు. పదిమంది చేరి కొనుక్కోవాలి. ఫిగర్ స్కేటింగ్ క్లబ్ పుట్టడానికి ఇదే మూలం. అభిరుచి, స్నేహం, సమావేశాలు, కేకులు కోయడం, అవన్నీ తర్వాత వచ్చాయి.

హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ ఊళ్లో మొదట్లో ఐస్ కొనాల్సిన పని లేదు. చలికాలం చెరువులు గడ్డకట్టేవి. యూనివర్సిటీకి కాస్త దూరంలో ఫ్రెష్ పాండ్ అని ఒక చెరువు ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి ఇలాంటి చెరువుల ఐస్ దిమ్మలు కోయించి, రంపప్పొట్టులో పెట్టి ఓడల్లో కలకత్తాకీ మద్రాసుకీ పంపేవాడు. మద్రాసు మెరీనా ఎదురుగా ఐస్ హౌస్ ఉంది చూశారా, 1842 ప్రాంతంలో ఆ ఐస్ దాచడానికి కట్టించిందే అది. తర్వాత వివేకానందుడు బస చేసిన భవనం కూడా అదే. మన తాతముత్తాతల కాలంలో మద్రాసు దొరలు షర్బత్‌లో వేసుకున్న ఐసూ, కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు స్కేట్లు కట్టుకుని తిరిగిన ఐసూ ఒక ఊరి నీళ్లే. సరే, పక్కదారి పట్టాను.

1897లో ఆ ఊళ్లో కేంబ్రిడ్జ్ స్కేటింగ్ క్లబ్ పెట్టుకున్నారు. మైదానంలో నీళ్లు నింపి గడ్డకట్టనిచ్చి, దాని మీద స్కేట్ చేసే క్లబ్. యూనివర్సిటీ క్లబ్ కాదది, ఊరి క్లబ్. అయితే ఆ ఊళ్లో యూనివర్సిటీ ఏది, ఊరు ఏది అని గీత గీయడం కష్టం. ఆ రోజుల్లో ఈ క్రీడకి ఎక్కువ పని చేసినవాడు జార్జ్ బ్రౌన్ అనే స్కూలు హెడ్‌మాస్టరు, హార్వర్డ్‌లోనే చదివినవాడు. అప్పటిదాకా ఇంగ్లండ్, అమెరికా స్కేటింగ్ అంటే కర్ర మింగినట్టు బిగుసుకుని చేసేది. ఇంగ్లీషువాళ్లయితే ఐస్ మధ్యలో ఒక నారింజకాయ పెట్టి, దాని చుట్టూ గుంపుగా, చేతులు కదలకుండా తిరిగేవాళ్లు. 1860లలో జాక్సన్ హేన్స్ అనే అమెరికన్ నాట్యం నేర్చుకుని, సంగీతానికి తగ్గట్టు ఐస్ మీద నాట్యం చేశాడు. స్వదేశంలో పెద్దగా పట్టించుకోలేదు, వియన్నాలో నెత్తిన పెట్టుకున్నారు. ఆ పద్ధతి యూరప్‌లో పెరిగి “ఇంటర్నేషనల్ స్టైల్” అయింది. దాన్ని మళ్లీ అమెరికాకి పట్టుకొచ్చి 1908లో ప్రదర్శన పెట్టించి, పుస్తకాలు రాసి, ఊరికి అలవాటు చేసింది ఈ బ్రౌన్ మాస్టారే. ఇంట్లో పుట్టిన విద్య ఊరంతా తిరిగి ఇంటికి వచ్చినట్టయింది.

1912లో నదికి అవతలి ఒడ్డున స్కేటింగ్ క్లబ్ ఆఫ్ బోస్టన్ పెట్టారు. 1921లో అమెరికా ఫిగర్ స్కేటింగ్ సంఘం ఏర్పడ్డప్పుడు ఇది వ్యవస్థాపక క్లబ్బుల్లో ఒకటి. ఆ కాలపు హార్వర్డ్ విద్యార్థి షెర్విన్ బ్యాడ్జర్ 1920 నుంచి 1924 దాకా వరసగా ఐదుసార్లు జాతీయ చాంపియన్. 1930ల చివర్లో బోస్టన్ క్లబ్ సొంత రింక్ కట్టుకుంది, సోల్జర్స్ ఫీల్డ్ రోడ్డు మీద. హార్వర్డ్ ఆటస్థలాల పక్కనుంచి వెళ్లే రోడ్డే అది. క్లబ్ 2020లో నార్‌వుడ్‌కి మారేదాకా, ఎనభై ఏళ్లకు పైగా, హార్వర్డ్ స్కేటర్లకి అసలు ఇల్లు ఆ రింకే. ఇది గమనించండి. యూనివర్సిటీకి సొంత ఐస్ ఉంది, అయితే అది హాకీ ఐస్. ఫిగర్ స్కేటర్‌కి అన్నం పెట్టింది పక్కింటి క్లబ్.

ఇక డిక్ బటన్ కథ. కాలేజీ, స్కేటింగ్ రెండూ ఎలా అని అడిగేవాళ్లకి నేను ముందు ఇదే చెప్తాను. ఈయన నిజానికి యేల్‌కి వెళ్లాల్సినవాడు. ఒలింపిక్స్ ఉన్నాయని సీటు ఏడాది వాయిదా వేసుకున్నాడు. మొదట ఫరవాలేదన్న యేల్‌వాళ్లు తర్వాత, ఇన్ని పోటీలు పెట్టుకుని ఇక్కడ చదవడం కుదరదన్నారు. హార్వర్డ్‌వాళ్లు చదువు దెబ్బతినకుండా చూసుకుంటే నీ ఇష్టం అన్నారు. అంతే, హార్వర్డ్‌ని ఎంచుకున్నాడు. 1948లో పద్దెనిమిదేళ్ల ఆ కుర్రాడు సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. అక్కడ డబుల్ ఆక్సెల్ వేయాలని పట్టుదల. అది గాల్లో రెండున్నర చుట్లు తిరిగే గెంతు, అప్పటిదాకా పోటీలో ఎవరూ వేయలేదు. ఆయనకీ ప్రాక్టీసులో మొదటిసారి సరిగ్గా కుదిరింది పోటీకి ముందురోజే. ఇంకెవరైనా అయితే వదిలేసేవాళ్లు. ఈయన మర్నాడు పోటీలో వేశాడు, కుదిరింది, బంగారు పతకం వచ్చింది. 1952లో ఓస్లోలో ట్రిపుల్ లూప్ వేశాడు, పోటీలో ఎవరైనా వేసిన మొదటి ట్రిపుల్ గెంతు అదే. రెండో బంగారు పతకం. అదే ఏడాది హార్వర్డ్ డిగ్రీ, 1956లో అక్కడే లా డిగ్రీ. తర్వాత దశాబ్దాలపాటు టీవీలో వ్యాఖ్యాతగా నచ్చనిది నచ్చలేదని మొహం మీదే చెప్పేవాడు. మా ఇంట్లో ఆయన వ్యాఖ్యానం వింటూ మా అమ్మాయి టీవీతో దెబ్బలాడేది.

అదే కాలంలో టెన్లీ ఆల్‌బ్రైట్. పదకొండేళ్లప్పుడు పోలియో వచ్చింది, కోలుకుని మళ్లీ స్కేట్లు కట్టుకుంది. అప్పట్లో హార్వర్డ్‌కి ఆడపిల్లల కాలేజీ రాడ్‌క్లిఫ్. అక్కడ మెడిసిన్‌కి ముందు చదివే చదువు చదువుతూ తెల్లవారుజామున, ఊరు లేవకముందే రింక్‌కి వెళ్లి ప్రాక్టీస్ చేసేది. 1956 కోర్టినా ఒలింపిక్స్‌కి రెండు వారాలు కూడా లేవనగా ఐస్‌లో గాడి తగిలి పడింది. ఎడమ కాలి బ్లేడు కుడి బూటుని కోసి లోపల ఎముక దాకా దిగింది. వాళ్ల నాన్న సర్జన్, ఆయనే వచ్చి సరిచేశాడు. ఆ కాలుతోనే బంగారు పతకం గెలిచింది. అమెరికా ఆడవాళ్లలో ఫిగర్ స్కేటింగ్ ఒలింపిక్ స్వర్ణం ఆమెదే మొదటిది. తర్వాత పోటీలు ఆపేసి హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో చేరి 1961లో డాక్టరయింది, తండ్రిలాగే సర్జన్.

ఆమెకి నేర్పిన కోచ్ మేరిబెల్ విన్సన్ ఓవెన్ కూడా రాడ్‌క్లిఫ్ పట్టభద్రురాలే. తొమ్మిదిసార్లు జాతీయ చాంపియన్, 1932లో ఒలింపిక్ కాంస్యం. కోచ్‌గా గట్టి మనిషి. ఈవిడ పేరు వస్తే బోస్టన్ రింక్‌లో పాతవాళ్లు కాసేపు మాట్లాడరు. 1961 ఫిబ్రవరి 15న ప్రేగ్‌లో ప్రపంచ పోటీలకి వెళ్తున్న అమెరికా జట్టు మొత్తం బ్రస్సెల్స్ దగ్గర సబేనా విమానం కూలి చనిపోయింది. మేరిబెల్, ఆమె ఇద్దరు కూతుళ్లు అందులో ఉన్నారు. పదహారేళ్ల చిన్నకూతురు లారెన్స్ కొద్దిరోజుల ముందే జాతీయ చాంపియన్ అయింది. పెద్దకూతురితో జంటగా స్కేట్ చేసే డడ్లీ రిచర్డ్స్ హార్వర్డ్ పట్టభద్రుడు. ఒక్క పూటలో అమెరికా స్కేటింగ్‌లో ఒక తరం స్కేటర్లు, కోచ్‌లు పోయారు. ఆ ఏడాదే వాళ్ల పేరున స్మారక నిధి పెట్టారు, ఇవాళ్టికీ యువ స్కేటర్లకి డబ్బు సాయం చేస్తోంది.

హార్వర్డ్ ప్రాంగణం లోపల స్కేటింగ్‌కి సొంత కార్యక్రమం అంటూ ఏర్పడింది 1970లో. ఈ భాగం మన తెలుగువాళ్లు తప్పకుండా చదవాలి.

జాన్ మిషా పెట్కెవిచ్ మోంటానా నుంచి వచ్చిన కుర్రాడు, హార్వర్డ్ విద్యార్థి. చదువుకుంటూనే 1971లో జాతీయ చాంపియన్ అయ్యాడు, 1972 సపోరో ఒలింపిక్స్‌లో ఐదో స్థానం. ఎలియట్ హౌస్ అనే హాస్టల్లో ఉండేవాడు. 1970లో తనకి తెలిసిన స్కేటర్లని పిలిచి ఒక ప్రదర్శన పెట్టాడు, వచ్చిన డబ్బు పిల్లల కేన్సర్ వైద్యానికి. “యాన్ ఈవెనింగ్ విత్ చాంపియన్స్” అని పేరు. అప్పటినుంచి దశాబ్దాలపాటు ఎలియట్ హౌస్ పిల్లలే దాన్ని నడిపిస్తూ వచ్చారు. టిక్కెట్లు, లైట్లు, ఎయిర్‌పోర్ట్ నుంచి స్కేటర్లని తెచ్చుకోవడం, వాళ్లకి భోజనాలు, అన్నీ విద్యార్థుల పనే. ప్రపంచ చాంపియన్లు డబ్బు తీసుకోకుండా వచ్చి యూనివర్సిటీ హాకీ ఎరీనాలో స్కేట్ చేసేవాళ్లు. ఇన్నేళ్లలో రెండు మిలియన్ల డాలర్లకు పైగా పోగుచేశారు.

ఆ డబ్బు వెళ్లేది జిమ్మీ ఫండ్‌కి. ఆ ఫండ్ పుట్టుకలో మన భీమవరం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చదివారు. ఖర్చులకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేశారు, రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తిపోసే పని కూడా. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఫిస్క్‌తో పాటు ఈయన పేరు ఉంది, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లకి తెలుస్తుంది. అంత చేసినా హార్వర్డ్ ఆయనకి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు 1947 చివర్లో బ్లడ్ కేన్సర్ పిల్లలకి ఇచ్చి చూశాడు. అప్పటిదాకా వారాల్లో పోయే పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గడం అదే మొదటిసారి. ఆ ఊపులో 1948 మే నెలలో ఒక కేన్సర్ పిల్లాడిని “జిమ్మీ” అనే మారుపేరుతో రేడియోలో మాట్లాడించారు. వాడికి బేస్‌బాల్ మ్యాచ్ చూడటానికి టీవీ కావాలట. జనం రెండు లక్షల ముప్ఫై వేల డాలర్లకు పైగా పంపారు. అదే జిమ్మీ ఫండ్. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్లకి.

ఆ ప్రదర్శనకి నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇదంతా తెలియదు. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. విరామంలో జిమ్మీ ఫండ్ గురించి చెప్తుంటే పక్కన కూర్చున్న మా బావగారు, ఫార్మసీ ఆయన, ఫార్బర్ పేరు వినగానే “ఒరే, ఆ మందు మన సుబ్బారావు గారిదిరా” అన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి చూసుకుంటే నిజమే. మర్నాటి నుంచి కనబడ్డ ప్రతి స్కేటింగ్ పేరెంటుకీ చెప్పడం మొదలుపెట్టాను. ఒకావిడ నన్ను చూస్తే పక్క మెట్ల మీదుగా వెళ్లిపోయేది.

అంతా మంచే అనుకోకండి. 1990ల మొదట్లో ఈ ప్రదర్శన డబ్బు చూసుకునే విద్యార్థులు ఇద్దరు లక్ష డాలర్లకు పైగా సొంతానికి వాడేసుకుని దొరికిపోయారు, కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కేన్సర్ పిల్లల డబ్బు! పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లల చేతికి చెక్కుబుక్కు ఇచ్చి ఎవరూ చూడకపోతే ఏమవుతుందో విద్యార్థి క్లబ్బులు నడిపేవాళ్లందరికీ ఇది తెలియాలి. మీ అమ్మాయి రేపు ఏ క్లబ్బుకైనా ట్రెజరర్ అయితే సంతకాలు ఇద్దరివి ఉండేలా చూసుకోమనండి.

తర్వాతి తరంలో పాల్ వైలీ. 1991లో హార్వర్డ్ డిగ్రీ, 1992లో ఆల్బర్ట్‌విల్‌లో రజతం, ఎవరూ ఊహించనిది. ఎమిలీ హ్యూజ్ 2006 ఒలింపిక్స్‌లో ఏడో స్థానం తెచ్చుకుని, తర్వాత హార్వర్డ్‌లో చేరి ఈ ప్రదర్శన నిర్వాహకుల్లో ఒకరిగా పనిచేసింది. ఇక యేల్ సంగతి. బటన్‌ని కాదన్న ఆ యూనివర్సిటీలోనే 2018లో నేథన్ చెన్ చేరాడు. కోచ్ కాలిఫోర్నియాలో, శిష్యుడు కనెటికట్‌లో, ఫోన్ వీడియోలో పాఠాలు. అలా చదువుతూనే 2019లో ప్రపంచ చాంపియన్, ఏడాదో రెండేళ్లో సెలవు పెట్టి 2022లో ఒలింపిక్ స్వర్ణం, 2024లో స్టాటిస్టిక్స్ డిగ్రీ. బటన్ రోజులకీ 2018కీ మధ్య ఆ ఒక్క యూనివర్సిటీ ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్నకి దగ్గరగా వస్తాను. పైన చెప్పినవాళ్లంతా చాంపియన్లు, కాలేజీలో చదువుకున్న చాంపియన్లు. వాళ్లని తయారుచేసింది కాలేజీ కాదు. మీ అమ్మాయికి పనికొచ్చే చరిత్ర ఇంకోటి ఉంది. పేరున్న స్కేటర్ కానివాళ్లకి కాలేజీలో చోటు ఎలా వచ్చింది అన్నది.

కాలేజీ క్రీడల పెద్ద సంఘం ఎన్‌సీఏఏ ఫిగర్ స్కేటింగ్‌ని గుర్తించదు. కాబట్టి హాకీకి ఉన్నట్టు ఎక్కువ చోట్ల స్కాలర్‌షిప్, జీతం తీసుకునే కోచ్, సొంత ఐస్ ఉండవు. క్లబ్ స్పోర్ట్ అంటారు, అంటే విద్యార్థులే నడుపుకుంటారు, చందాలు వాళ్లవే. ఈ లోటు నుంచే అమెరికా స్కేటింగ్ సంఘం కాలేజీల మధ్య జట్టు పోటీలు పెట్టింది. అందులో గొప్ప తెలివైన నిబంధన ఒకటి ఉంది. పోటీలు లెవెల్స్ వారీగా జరుగుతాయి, సీనియర్ నుంచి బాగా కింది లెవెల్ దాకా, సోలో డాన్స్ కూడా. ప్రతి దాంట్లో వచ్చిన స్థానానికి పాయింట్లు, అన్నీ కలిపి జట్టు మొత్తం. సీనియర్‌లో మొదటి స్థానానికి ఎన్ని పాయింట్లో కింది లెవెల్ మొదటి స్థానానికీ అన్నే. ఒక్క స్టార్ ఉంటే సరిపోదు, అన్ని మెట్ల మీదా మనుషులు కావాలి. డార్ట్‌మత్ కాలేజీ ఇలాంటి జట్టుతోనే 2004 నుంచి 2008 దాకా వరసగా ఐదు జాతీయ టైటిళ్లు కొట్టింది, న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఉన్న చిన్న కాలేజీ అది.

ఇంకో దారి సింక్రనైజ్డ్ స్కేటింగ్, పదహారు మంది చేతులు పట్టుకుని ఒక్క మనిషిలా తిరిగేది. 1956లో యాన్ ఆర్బర్‌లో రిచర్డ్ పోర్టర్ అనే డాక్టరు మొదలుపెట్టిన హాకెట్స్ జట్టుతో ఇది పుట్టింది. ఒహాయోలోని మయామి యూనివర్సిటీ దీన్ని అసలు వర్సిటీ క్రీడగా, అంటే క్లబ్బులా కాకుండా యూనివర్సిటీ అధికారిక జట్టుగా నడుపుతోంది, 2007లో ప్రపంచ పోటీల్లో రజతం గెలిచింది. ఆ పోటీలో అమెరికాకి వచ్చిన మొదటి పతకం అదే. మీ అమ్మాయికి గెంతులకన్నా అడుగులు, తాళం బాగా వస్తే ఈ వైపు చూడమనండి.

మళ్లీ ఐస్ గంటల దగ్గరికి. మా అమ్మాయి క్లబ్బుకి వారానికి మూడు గంటలు దొరికేవి, ఒకటి రాత్రి పదకొండున్నరకి, రెండు తెల్లారి ఆరుకి. హాకీవాళ్లకి గట్టి ఐస్ కావాలి, ఫిగర్‌వాళ్లకి కొంచెం మెత్తటిది, రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండాలి, లేకపోతే గెంతి దిగినప్పుడు ఐస్ పెచ్చులు లేస్తుంది. బ్లేడు ముందు పళ్లతో వీళ్లు గుంతలు చేస్తారని హాకీవాళ్ల ఏడుపు. గుంతలు పూడ్చమని వీళ్ల చేతికి మంచు బకెట్టు ఇస్తారు, అది మోసేది మొదటి సంవత్సరం పిల్లలు. ఒకసారి ఒక రింక్‌వాళ్లు మా పిల్లల దగ్గర సెమిస్టర్ మొత్తానికి చెక్కు తీసుకుని, నవంబర్‌లో హాకీ టోర్నమెంట్ వచ్చిందని మూడు వారాలు ఐస్ ఇవ్వలేదు. డబ్బు వెనక్కి రాలేదు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు కాబట్టి అడగడానికీ లేదు. ఆ మూడు వారాలు పిల్లలు పార్కింగ్ స్థలంలో స్నీకర్లతో గెంతుతూ ప్రాక్టీస్ చేశారు.

అంతా భరించి ఎందుకు ఉంటారంటే, ఒకటి చెప్తాను. మా అమ్మాయి రెండో సంవత్సరం, ఒక జట్టు పోటీ. వాళ్ల క్లబ్బులో టెక్సాస్ ఫ్రిస్కో నుంచి వచ్చిన తెలుగమ్మాయి ఒకతె ఉండేది. పదకొండో తరగతిలో స్కేటింగ్ మొదలుపెట్టింది, అన్నిటికన్నా కింది లెవెల్. ఒక గెంతులో పడింది, లేచింది, నవ్వుకుంటూ మిగతాది పూర్తిచేసింది. ఐదుగురిలో నాలుగోది. చిన్నప్పటినుంచి పతకాలు చూసిన మా అమ్మాయి, ఇంకో పదిమంది, రింక్ చుట్టూ ఉన్న చెక్కని అరచేతులతో దడదడ బాదుతున్నారు. ఎందుకంత గోల అని అడిగితే, “నాన్నా, తన పాయింట్లతో మనం ఒక కాలేజీని దాటాం” అంది. పదమూడేళ్లు ఒంటరిగా, జడ్జీల వైపు భయంగా చూస్తూ స్కేట్ చేసిన పిల్ల అది. “మనం” అనడం నేను వినడం అదే మొదటిసారి.

2025 జనవరి 29న వాషింగ్టన్ దగ్గర విమానం, ఆర్మీ హెలికాప్టర్ ఢీకొన్నప్పుడు స్కేటింగ్ క్లబ్ ఆఫ్ బోస్టన్ ఆరుగురిని పోగొట్టుకుంది, ఇద్దరు పిల్లలు, వాళ్ల తల్లులు, ఇద్దరు కోచ్‌లు. మర్నాడు క్లబ్‌లో విలేకరుల ముందు నిలబడ్డవాళ్లలో ఎనభై తొమ్మిదేళ్ల టెన్లీ ఆల్‌బ్రైట్ ఉంది, 1961లో పోయిన స్నేహితుల్ని ఎరిగిన మనిషి. అదే రోజు డిక్ బటన్ పోయాడు, 95 ఏళ్లు.

మీ అమ్మాయి విషయానికి. అప్లికేషన్‌లో ఒక లైను కోసం అయితే ఇంత కష్టం అక్కర్లేదు, వేరే తేలిక దారులు ఉన్నాయి. స్కేట్ చేయడం ఆపాలని లేకపోతే మాత్రం కాలేజీ పేరు చూసి మోసపోకుండా, అడగాల్సినవి అడగండి. క్లబ్బుకి వారానికి ఎన్ని గంటల ఐస్? ఏ వేళల్లో? రింక్ ప్రాంగణంలోనే ఉందా, లేక కారు కావాలా? చందా ఎంత, యూనివర్సిటీ ఎంత ఇస్తుంది? మీ అమ్మాయి స్కేటింగ్ టెస్టులు ఏ లెవెల్ దాకా పాసైందో చెప్తే జట్టులో ఏ మెట్టు ఖాళీగా ఉందో క్లబ్ ప్రెసిడెంటే చెప్తుంది, వాళ్లకి ఈమెయిల్ రాస్తే జవాబులు తొందరగానే ఇస్తారు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు లైబ్రరీ ముందు ఫోటోలు తర్వాత, ముందు రింక్‌కి వెళ్లి ఆఫీసు కిటికీ పక్కన అంటించిన వారం షెడ్యూలు చూడండి. ఫిగర్ స్కేటింగ్ అని రాసిన గళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఫోన్లో ఫోటో తీసుకుని రండి.